కల్లు కాకముందు

తార్నాకాలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళ పుస్తకం ఒకటి మా ఇంట్లో చాలా ఏళ్ళుగా ఉంది. మనం తినే వాటిల్లో దేంట్లో ఎంత ఇనుము, ఎంత సున్నం, ఎంత శక్తి అని పట్టికలు వేసిన పుస్తకం. గోపాలన్ గారు, మరో ఇద్దరు శాస్త్రవేత్తలు కలిసి 1971లో తయారుచేశారు. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు వాళ్ళకి ఏం పెట్టాలో చూసుకోవడానికి తెచ్చుకున్నాను. ఇప్పుడు వాళ్ళు ఎవరి గూటికి వాళ్ళు వెళ్ళిపోయినా, పుస్తకం మాత్రం పప్పుల డబ్బాల పక్కనే ఉంది.

అందులో తీపి పదార్థాల దగ్గర బెల్లం అంటే ఒకటి కాదు, ఐదు. చెరుకు బెల్లం, కొబ్బరి చెట్టు బెల్లం, ఈత బెల్లం, తాటి బెల్లం, ఐదోది సాగో తాటి బెల్లం. మన జీలుగు చెట్టునూ ఇంగ్లీషులో ఆ పేరుతో పిలుస్తారు. ఈ ఐదింటిలో చెరుకు ఒక్కటే గానుగలో పిండింది. మిగతా నాలుగూ చెట్టు నుంచి కారిన నీళ్ళని కుండల్లో పట్టి, పొయ్యి మీద కాచి చేసినవి.

మరి మా లాలాపేటలో ఏ కిరాణా కొట్టుకి వెళ్ళినా దొరికే బెల్లం ఒక్కటే, చెరుకుది. మిగిలిన చెట్లేమైనా మనకు పరాయివా? కావే! తాడు, ఈదు తెలియని తెలంగాణ ఇల్లు ఉంటుందా? ఉస్మానియా క్యాంపస్‌లో పొద్దున నడకకు వెళ్తే బండరాళ్ళ మధ్య ఈత చెట్లు కనిపిస్తూనే ఉంటాయి. (అన్నట్టు తార్నాకా అంటే తాడి నాకా కాదండీ. తీగ కట్టిన నాకా, అంటే తనిఖీ చౌకీ, అందుకని తార్ నాకా అయిందని ఇక్కడి పెద్దవాళ్ళు చెబుతారు.) ఇన్ని చెట్లుండి, తరతరాలుగా వాటిని గీసే మనుషులుండి, ఆ తియ్యటి నీళ్ళు మా అత్తగారి వంటింట్లోకి ఒక్కసారి కూడా బెల్లంగానో పాకంగానో ఎందుకు రాలేదు? ఈ ప్రశ్న నన్ను చాలా కాలం పట్టుకుంది. ఎందుకంటే మా అమ్మమ్మ వంటింట్లో అది ఉండేది.

అమ్మమ్మది రాజమండ్రికి ఉత్తరాన, కోరుకొండ వైపు ఒక పల్లె. ఆవిడ అటక మీద తాటాకు బుట్ట ఒకటి ఉండేది. అందులో కొబ్బరి చిప్పలో పోసి ఆరబెట్టిన తాటి బెల్లం అచ్చులు, నల్లగా, చిప్ప ఆకారంలోనే ఉండేవి. దగ్గుకి అదే, బాలింతకి శొంఠితో నూరి పెట్టేదీ అదే. వానాకాలంలో గాలి తేమకి ఆ అచ్చులు కరిగి బుట్ట అడుగున జిగురుగా పాకం దిగేది. దాన్ని పారబోసేవారు కాదు. వేడి చేసి వడగట్టి దిబ్బరొట్టెలోకి వడ్డించేవారు. గోదావరి వాళ్ళకి చెప్పక్కర్లేదు, దిబ్బరొట్టెకి పానకం ఉండాల్సిందే. పానకం అంటే శ్రీరామనవమి నాటి నీళ్ళ పానకం కాదు, తేనెలా సాగే పాకం. మామూలుగా చెరుకుది పోస్తారు. అమ్మమ్మకి మాత్రం తాటి పానకమే ఇష్టం. కాస్త పొగ వాసన, కాస్త ఉప్పదనం, చివర్లో నాలుక మీద చిరుచేదు. నేను ఇన్నేళ్ళలో ఆ రుచికి దగ్గరగా వచ్చేది ఇంకొకటి తినలేదు.

మా అత్తగారిది చౌటుప్పల్ దగ్గర ఊరు. మామగారికి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం కావడంతో లాలాపేట వచ్చి స్థిరపడ్డారు. ఆవిడకి తాళ్ళ గురించి తెలిసినంత నాకు ఏడు జన్మలకీ తెలియదు. పోద్దాటి కల్లుకి, పండుతాటి కల్లుకి రుచిలో తేడా చెప్పగలరు. పోద్దాడు అంటే మగ చెట్టు, పండుతాడు అంటే కాయ కాసే ఆడ చెట్టు. అమ్మవారికి సాక పోయాలన్నా, పెళ్ళికైనా, చావుకైనా, ఇంటికి చుట్టాలొచ్చినా కల్లు లేకుండా వాళ్ళ ఊళ్ళో పని జరిగేది కాదట. కానీ నేను పెళ్ళయిన కొత్తలో తాటి బెల్లం అంటే, "తాటి బెల్లమేంది బిడ్డా, తాడుకు బెల్లం కాస్తదా?" అని నవ్వారు.

ఒకే చెట్టు. నడుమ దూరం ఒక రాత్రి రైలు ప్రయాణం. ఒక ఇంట్లో అది పొయ్యి మీదకెక్కింది, ఇంకో ఇంట్లో ఎక్కలేదు. ఆచారాలు వేరు అని సరిపెట్టుకోవచ్చు. కానీ చదువుతున్నకొద్దీ నాకు అర్థమైందేమిటంటే, ఈ తేడాలో వంట కంటే చట్టం పాత్రే ఎక్కువ.

చట్టం సంగతికి ముందు చెట్టు సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే ఆ చట్టం దేన్ని పట్టుకుందో అర్థం కాదు.

తాడుకి పూతగెలని కట్టి, మెల్లగా నలిపి, కొసని రోజూ పొద్దున, సాయంత్రం పల్చటి చెక్కులా కోస్తారు. కోసిన చోట నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా లొట్టిలోకి దిగుతాయి. ఈదుకి అలా కాదు, మొవ్వు కింద లేత మానునే చెక్కుతారు. జీలుగుకి మళ్ళీ పూతగెలే. గోదావరి జిల్లాల మన్యంలో, రంపచోడవరం వైపు జీలుగు ఎక్కువ. సామర్లకోటలో చాలా ఏళ్ళు పనిచేసిన రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు రెండు వందల ఏళ్ళ కిందటే ఈ చెట్టు గురించి రాస్తూ, మంచి చెట్టు ఒక్క రోజులో నూరు పింట్ల దాకా ఇస్తుందని విన్నానన్నాడు. అంటే సుమారు యాభై లీటర్లు!

చెట్టు నుంచి దిగే ఆ క్షణంలో అది కల్లు కాదు. అందులో మత్తు లేదు. నూటికి పది నుంచి పదిహేను పాళ్ళ చక్కెర ఉన్న తియ్యటి నీళ్ళు, అంతే. కానీ గాల్లోనూ పాత లొట్టిలోనూ ఉండే ఈస్టు, సూక్ష్మజీవులు వెంటనే పని మొదలుపెడతాయి. ఎండ ఎక్కేసరికి పులుపు, నురగ, మత్తు. దాన్ని ఆపడానికి ఒకటే పాత ఉపాయం, సున్నం. కొత్త కుండ లోపల తడి సున్నం పూసి కడితే ఆ ఈస్టు ముందుకు పోలేదు. సున్నం పూసిన కుండలో దిగింది నీరా, పూయని కుండలో దిగింది కల్లు. ఒకే చెట్టు, ఒకే గీత, ఒకే కత్తి. మధ్యలో గోరంత సున్నం.

ఇక్కడ అమెరికా, కెనడాలలో ఉన్న మన పిల్లలకి ఒక మాట. మీరు పాన్‌కేకుల మీద పోసుకునే మేపుల్ సిరప్ కూడా ఇలా చెట్టు నీళ్ళు కాచి చేసిందే. అక్కడి మూలవాసుల నుంచి తెల్లవాళ్ళు నేర్చుకున్న విద్య. మేపుల్ నీళ్ళలో చక్కెర నూటికి రెండు పాళ్ళే, అందుకని ఒక లీటరు పాకానికి నలభై లీటర్లు కాచాలి. బర్చ్ చెట్టుదైతే వంద లీటర్ల దాకా కావాలి. మన తాడుకి? ఎనిమిది లీటర్లు చాలు. చక్కెరలో మన చెట్టే ఘనం. అయినా వాళ్ళ జెండా మీద మేపుల్ ఆకుంది, మన తాడు మీద ఆబ్కారీ నంబరుంది.

ఆ ఆబ్కారీ దగ్గరికే వస్తున్నా. బ్రిటిషు వాళ్ళ మద్రాసు రాజ్యంలో 1886 నాటి ఆబ్కారీ చట్టం ఉంది. అందులో కల్లు అంటే ఏమిటో అర్థం చెప్పారు. కొబ్బరి, తాడి, ఈత లేదా అలాంటి ఏ చెట్టు నుంచైనా తీసిన రసం, పులిసినదైనా పులియనిదైనా అదంతా కల్లే. చూశారా! చెట్టుకి ఉన్న రెండు దారులనీ ఒక్క మాటతో ఒక్కటి చేసేశారు. తియ్యటి నీళ్ళ కోసం గీసినా అధికారి అనుమతి ఉండాల్సిందే. కాకపోతే సున్నం కుండలకి విడిగా అనుమతిచ్చే ఏర్పాటు ఉండేది, దానివల్లే తమిళ దేశంలో కరుపట్టి అనే తాటి బెల్లం బతికింది. భర్త చెట్టెక్కుతాడు, భార్య కింద పొయ్యి రాజేసి కాస్తుంది. ఇద్దరూ కలిస్తేనే ఆ బెల్లం. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను. మన గోదావరి వైపు సామర్లకోటలో 19వ శతాబ్దం చివర్లో పెట్టిన కంపెనీ పేరేమిటో తెలుసా? దక్కన్ షుగర్ అండ్ ఆబ్కారీ కంపెనీ. చక్కెర, సారా ఒకే బోర్డు మీద! ఆ పేరు చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

1937 అక్టోబరు 1న రాజాజీ సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టారు. మరుసటి ఏడు మన చిత్తూరు, కడప జిల్లాలకి వచ్చింది. కల్లు మీద వచ్చే డబ్బు పోయింది కాబట్టి ఆ లోటు పూడ్చడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. మనం ఇవాళ ప్రతి బిల్లు కిందా చూసి నిట్టూర్చే పన్నుకి తాత అన్నమాట. యుద్ధం అయ్యాక నిషేధం ఒక్కో జిల్లాకీ పాకి 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతా అమలైంది. కోస్తా జిల్లాలు, రాయలసీమ అప్పుడు అందులో భాగమే.

మరి చెట్లెక్కి బతికే లక్షల కుటుంబాలేం కావాలి? ఇక్కడే బెల్లం వచ్చింది. గాంధీగారికి తాటి బెల్లం మీద గట్టి నమ్మకం. మిల్లు అక్కర్లేదు, పొలం అక్కర్లేదు, నీరు పెట్టక్కర్లేదు, గుడిసె ముందర పొయ్యి ఉంటే చాలు. 1934లో వార్ధాలో పెట్టిన గ్రామోద్యోగ సంఘం పనుల్లో ఇదీ ఒకటి, గజానన్ నాయక్ అనే కార్యకర్త దీనికే అంకితమయ్యారు. మద్రాసు ప్రభుత్వం గీత పని పోయినవాళ్ళకి సున్నం కుండలతో నీరా దించుకునే లైసెన్సులిచ్చి, బెల్లం సహకార సంఘాలు పెట్టించింది. తర్వాత 1957 నుంచి ఖాదీ కమిషన్ కూడా తాటి బెల్లాన్ని తన జాబితాలో చేర్చుకుంది. మా అమ్మమ్మ కాపురానికి వచ్చింది ఆ నిషేధం రోజుల్లోనే. ఆవిడ తాటాకు బుట్ట వెనక ఇంత కథ ఉందని ఆవిడకి తెలియదు, నాకూ చాలా కాలం తెలియదు.

అంతా బాగుందని చెప్పడం లేదు. బెల్లంతో కడుపు నిండలేదు. చాటుగా కల్లు గీసి పట్టుబడి జైలుకెళ్ళినవాళ్ళెందరో. ఆ కోపం ఎంత పెద్దదంటే ఒక ప్రభుత్వాన్నే కూల్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది కదా, నిషేధం పనిచేస్తోందా లేదా అని చూడడానికి వేసిన రామమూర్తి కమిటీ, ఎత్తెయ్యమని చెప్పింది. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒప్పుకోలేదు. గౌతు లచ్చన్న గారు గీత కార్మికుల పక్షాన పోరాడారు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం నెగ్గింది, ఒకే ఒక్క ఓటు తేడాతో. తెలుగువాళ్ళ తొలి రాష్ట్రంలో తొలి మంత్రివర్గం తాటిచెట్టు కింద పడిపోయిందని మా తాతయ్య హాస్యమాడేవారు.

ఇక ఇటు హైదరాబాదు రాజ్యం. ఇక్కడ నిషేధం లేదు. నిజాం ప్రభుత్వానికి వచ్చే పెద్ద రాబడుల్లో ఆబ్కారీ ఒకటి. చెట్టు రైతు పొలం గట్టు మీదే ఉన్నా, దాన్ని గీయాలంటే సర్కారుకి చెట్టు పన్ను కట్టాలి. కల్లు అమ్మే హక్కుని వేలం పాడుకున్న గుత్తేదారు పైన కూర్చుంటే, చెట్టెక్కే గౌడన్న కింద కూలీ. ఒకసారి ఆలోచించండి. చెట్టుకి పన్ను కట్టి, గుత్తేదారుకి లెక్క అప్పజెప్పాల్సిన మనిషి, ఆ నీళ్ళని ఇంటికి తీసుకెళ్ళి భార్య చేత కాయించి బెల్లం చేసుకుంటాడా? పొద్దున దించింది పొద్దున్నే మండువకి చేరాలి, సాయంత్రానికి పైసలు కావాలి. నిషేధం లేకపోవడం వల్ల బెల్లం అవసరమూ రాలేదు, గుత్త వల్ల దానికి వీలూ లేదు. మా అత్తగారి వంటింట్లో తాటి పానకం లేకపోవడానికి నాకు దొరికిన జవాబు ఇదే.

గీత కార్మికుల బతుకు మార్చడానికి ఇక్కడా పెద్ద పోరాటాలే జరిగాయి. సూర్యాపేటకు చెందిన బొమ్మగాని ధర్మభిక్షం గారు సాయుధ పోరాటం నాటి నుంచి వాళ్ళ వెంట నిలిచి, గుత్తేదార్లని తప్పించి సహకార సంఘాలు రావాలని కొట్లాడారు. దున్నేవాడికి భూమి లాగానే గీసేవాడికి చెట్టు అన్నది వాళ్ళ కోరిక. అది చాలా మటుకు సాధించారు కూడా. కానీ ఆ పోరాటమంతా చెట్టెక్కే చేతుల గురించే. చెట్టు కింద పొయ్యి ఉండొచ్చుననీ, అక్కడ ఒక ఆడమనిషికి పని, ఆదాయం ఉండొచ్చుననీ ఎవరికీ తట్టినట్టు లేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా కొన్నేళ్ళు ఒకే రాష్ట్రంలో అటు ఒక చట్టం, ఇటు ఒక చట్టం. తర్వాత ఇంకెన్ని మార్పులో. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారాని తరిమారు. హైదరాబాదులో కల్లు దుకాణాలు 2004లో మూశారు, 2014లో తెరిచారు. 2023 మే నెలలో నెక్లెస్ రోడ్డు మీద సర్కారు వారే నీరా కేఫ్ పెట్టారు. చల్లటి గ్లాసులో నీరా తాగుతూ హుస్సేన్ సాగర్ చూడొచ్చు. బాగానే ఉంది, మేమూ వెళ్ళి తాగాం.

హబ్సిగూడ వైపు సైంటిస్టుల క్వార్టర్లలో నాకొక బెంగాలీ స్నేహితురాలుంది. చలికాలం వాళ్ళ ఊరి నుంచి ఎవరొచ్చినా నొలెన్ గుర్ తెస్తారు, కొత్త బెల్లం అని అర్థం. సందేశ్, రసగుల్లా, పాయసం అన్నీ ఆ రెండు మూడు నెలలు దానితోనే. గట్టి పలకలు కొన్ని, పల్చటి పాకం సీసా ఒకటి. "ఏ చెట్టుది?" అని అడిగితే ఫోనులో ఫోటో చూపించింది. చూస్తే మన ఈదు! మొవ్వు కింద చెక్కిన గాటు, కట్టిన కుండ, అచ్చం మన ఊరే. "దీన్నుంచి మా దగ్గర కల్లు మాత్రమే తీస్తారు" అంటే ఆవిడ నమ్మలేదు. బెంగాల్లో అమ్మలు పిల్లల్ని ఊరిస్తూ ఎదురుచూసే తీపి, మన దగ్గర ఆబ్కారీ లెక్కల్లో సరుకు. శ్రీలంకలో మన జీలుగు చెట్టుదే కితుల్ పానకం, గేదె పెరుగు మీద పోసుకుని తింటారు. అది అక్కడ పెద్దింటి మర్యాద. మన మన్యంలో జీలుగు కల్లే అందరికీ తెలిసిన రూపం. ఈమధ్య రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో ఉద్యాన విశ్వవిద్యాలయం వాళ్ళ పరిశోధన కేంద్రంలో తాటి నీరా నుంచి బెల్లం, పాకం చేసే పద్ధతుల మీద పనిచేస్తున్నారు.

ఇంత చదివాక చేతులూరుకుంటాయా? మొన్న శివరాత్రి వెళ్ళాక, ఇంకా తెల్లవారుజామున చలి ఉండగానే, అత్తగారితో కలిసి వాళ్ళ ఊరు వెళ్ళాను. అక్కడ లైసెన్సు ఉన్న గీత అన్న ఒకాయన, అత్తగారికి వరసకి తమ్ముడు. రెండు కొత్త లొట్టిలకి సున్నం పూసి కట్టమంటే ఆయన మొహం చూడాలి. "సున్నం వెడితె కల్లు సచ్చిపోతదక్కా" అన్నాడు. "సావనియ్ తమ్మీ, మా కోడలుకు గదే గావాలె" అన్నారు అత్తగారు.

తెల్లారకముందే దించాడు. పది లీటర్లు పైచిలుకు వచ్చింది. చేసిన పద్ధతి చెబుతాను, అడుగుతారని తెలుసు. ముందు పల్చటి నూలు బట్టలో వడగట్టి, కదపకుండా కాసేపు ఉంచాలి. సున్నం అడుగుకి దిగుతుంది, పైన తేట మాత్రమే వంచుకోవాలి. వెడల్పాటి పెద్ద బాణలి కావాలి, ఎంత వెడల్పుంటే అంత త్వరగా ఇగురుతుంది. ఎండిన తాటి మట్టలే కట్టెలు. కాగడం మొదలవగానే మురికి తెట్టు పైకొస్తుంది, గరిటెతో తీసేస్తూ ఉండాలి. సగం అయ్యాక నురగ పొంగుతుంది, చూస్తూండగానే అంచు దాటుతుంది. దానికి ఆముదం గింజలు నాలుగు చితక్కొట్టి వేస్తే దిగుతుంది. కొబ్బరి నూనె చుక్క వేసినా అదే పని చేస్తుంది. ఆ తర్వాత మంట తగ్గించి అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి. వేళ్ళ మధ్య తీగ సాగితే పానకం, అప్పుడే దించాలి. ఇంకా కాచి, చల్లటి నీళ్ళలో వేస్తే ఉండ కడితే బెల్లం. దాన్ని కొబ్బరి చిప్పల్లో పోసుకోవచ్చు. వంట థర్మామీటరు ఉన్నవాళ్ళకి పానకం 105 డిగ్రీల దగ్గర, బెల్లం 118 దాటాక.

ఒక్క మాట. దించడం ఆలస్యమై కాస్త పులుపు తిరిగితే అందులోని చక్కెర విడిపోతుంది, ఇక ఎంత కాచినా గట్టిపడదు. అమ్మమ్మ ఊళ్ళో అలాంటి రోజున బెల్లం సంగతి వదిలేసి పానకంగానే దించేసేవారట. మరీ పల్చగా దించితే మాత్రం నిలవుండదు, పది రోజుల్లో సీసాలో బుడగలొస్తాయి.

పదిన్నర లీటర్లకి లీటరుకి పైన ఇంకో రెండు కాఫీ గ్లాసులు వచ్చింది. తేనె కంటే ముదురు రంగు. అత్తగారికి ఆకు దొన్నెలో కొంచెం పోసిచ్చాను. ఆవిడకి డెబ్భై ఆరేళ్ళు. వేలితో రెండుసార్లు నాకి చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెట్టు వైపు చూసి, "గింత తీపి పెట్టుకోని ఎన్నడన్న చెప్పినవానే?" అన్నారు. నాతో కాదు, తాడుతో.

ఆవిడకి షుగరు ఉంది కాబట్టి ఇది కూడా చెప్పాలి. తాటి బెల్లం షుగరున్నవాళ్ళు ఎంతైనా తినొచ్చని ఫోన్లలో తిరిగే సందేశాలు నమ్మకండి. అందులో ఎక్కువ భాగం చెరుకు బెల్లంలో ఉన్న చక్కెరే. కొన్ని ఖనిజాలు ఉన్న మాట నిజం, రుచి వేరన్న మాట నిజం. అంతవరకే. మా ఇంట్లో ఆవిడకి రోజుకొక చిన్న చెంచా, అదీ ఆ పూట అన్నం తగ్గించి. బజారులో నల్లగా ఉన్నదల్లా తాటి బెల్లమూ కాదు. చెరుకు బెల్లాన్నే మాడబెట్టి అమ్మేవాళ్ళున్నారు, తెలిసినచోటే కొనండి.

ఆ రోజు బాణలి దగ్గర గరిటె తిప్పింది ఎక్కువగా నేను కాదు, ఆ గీత అన్న భార్య. మొదట సరదాగానే కూర్చుంది. దాదాపు మూడు గంటలు పట్టింది. పొగకి కళ్ళు ఎర్రబడ్డాయి. అంతా అయ్యాక సీసాలో పోస్తున్న నన్ను చూసి లెక్క చెప్పింది. "వదినా, గీ పది లీటర్లు కల్లు వోస్తె పొద్దెక్కేటాళ్ళకు పైసలు చేతిల వడ్తయ్. మంట లేదు, పొగ లేదు. గిది గిట్ల కాగవెట్టాల్నంటె కట్టెలెవరియ్యాలె? నా మూడు గంటలకు ఎంతిస్తరు?"

గాంధీగారి సంఘం నుంచి ఖాదీ కమిషన్ దాకా ఎందరో తలపట్టుకున్న లెక్క ఇదే. కల్లు కావడానికి చెట్టెక్కే మనిషొక్కడు చాలు. పానకం కావాలంటే కింద ఇంకో మనిషి కావాలి, ఆ మనిషి పొద్దు కావాలి, ఆ పొద్దుకి ధర కట్టేవాళ్ళు కావాలి. తమిళనాడులో, బెంగాల్లో కూడా కాచే ఆడవాళ్ళ కష్టం బెల్లం ధరలో విడిగా కనిపించదు. పుల్లలతో సహా అది ఇంటి ఖర్చు కిందే పోతుంది.

బేరం మేమిద్దరం అక్కడే కూర్చుని మాట్లాడుకున్నాం. కల్లుగా అమ్మితే ఎంత వచ్చేదో అంత, దాని మీద కట్టెలకి, దాని మీద ఆవిడ మూడు గంటలకి ఊళ్ళో పత్తి ఏరే కూలి లెక్కన. మొత్తం వేస్తే మేపుల్ సిరప్ కంటే పెద్ద తేడా లేదు. నేను సరేనన్నాను. లాలాపేటలో మా వీధిలో ఇంకో ముగ్గురిని అడిగితే ఇద్దరు ఒప్పుకున్నారు, మూడో ఆవిడ ధర విని నవ్వి చెరుకు బెల్లమే చాలన్నారు. వచ్చే చలికాలం వారానికొక రోజు రెండు లొట్టిలకి సున్నం పూస్తారు. డబ్బు మాత్రం అన్న చేతికి కాదు, తన ఫోనుకే పంపాలని ఆవిడ ముందే చెప్పింది. నంబరు రాసుకుని వచ్చాను.